పోయిండు కాదు, పోయింది

అమీర్‌పేట హాస్టల్లో నా రూమ్మేట్ ఇంట్లో వాళ్లతో దక్కనీ ఉర్దూ, మాతో తెలుగు మాట్లాడేవాడు. ఎవరి ప్రేమ చెడినా పక్కన కూర్చుని "ఫికర్ జేయకు భాయ్" అనేవాడు. తన సంగతి మాత్రం ఎత్తేవాడు కాదు.

ఒక సాయంత్రం అన్నం కలిపి తినకుండా కూర్చున్నాడు. ఏమైందని అడిగాను.

"నాలుగేండ్లు ప్రేమించుకున్నం భాయ్. ఇప్పుడు నన్ను ఇడిసిపెట్టి పోయిండు."

ఇంటి భాష వేరు కదా, తెలుగులో తడబడ్డాడనుకుని, "పోయిండు కాదురా, పోయింది" అని దిద్దాను. గదిలో అందరూ నవ్వారు. తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

అతను నన్ను ఒకసారి చూసి, "హా భాయ్, పోయింది" అన్నాడు.

నిద్ర పట్టక చిక్కిపోతుంటే పంజాగుట్టలో ఒక డాక్టరుకు నేనే చూపించాను. "అమ్మాయి విషయమా?" అని ఆయన అడిగాడు. రూమ్మేట్ నావైపు చూసి, "అవును సార్, అమ్మాయే" అన్నాడు. మందులు ఆ జవాబుకే రాశాడు.

అతను గది ఖాళీ చేసి వెళ్లాక గానీ నాకు తట్టలేదు. వాళ్లమ్మ వస్తే "వచ్చింది" అనేవాడు, అన్న వస్తే "వచ్చిండు" అనేవాడు. రెండేళ్లలో ఒక్కసారీ తప్పలేదు.

మొన్న ఫోన్ చేసి, ఆ రోజు తప్పు మాట్లాడింది నేనేనని చెప్పబోయాను.

"ఫికర్ జేయకు భాయ్" అని పెట్టేశాడు.