ఒకసారి రండి

"గుమాస్తాగారూ, ఒకసారి రండి" అని మేనేజరు గదిలోంచి పిలుపు రాగానే ఆయన గుండెల్లో రాయి పడేది. ఇరవై రెండేళ్లుగా అదే రాయి. ఎందుకో చెప్పి పిలిస్తే ఆ మహానుభావుడి సొమ్మేం పోయింది? గ్లాసుడు మంచినీళ్లు తాగి, కళ్లజోడు తుడుచుకుని, పద్నాలుగు అడుగులూ లెక్కపెట్టుకుంటూ వెళ్లేవాడు. తీరా చూస్తే, కిటికీ రెక్క బిగుసుకుపోయిందనో పాత ఫైలు కనబడలేదనో. ఇంటికొచ్చి కుర్చీలో కూలబడితే, "బస్తాలు మోసొచ్చినట్టు ఆ అలుపేంటండీ?" అనేది భార్య.

మేనేజరు రిటైరయ్యాక ఆ గదిలోకి ఈయనే వచ్చాడు. మొదటి వారంలోనే చొక్కా గుండీ ఊడింది. కొత్తగా చేరిన టైపిస్టు దగ్గర సూదీ దారం ఉంటాయని గుర్తొచ్చి, "అమ్మాయ్, ఒకసారి రా" అని కేకేశాడు. ఆ పిల్ల సీసాడు నీళ్లూ తాగేసి, మొహం తుడుచుకుని, పెదాలు కదుపుకుంటూ వచ్చి నిలబడింది.

"తప్పేమైనా చేశానా సార్?"

ఆయనకు తన మీద తనకే ఒళ్లు మండింది. ఇకమీదట ఎవర్నీ పిలిచేది లేదు, పనుంటే నేనే వెళ్తాననుకున్నాడు.

మర్నాడు సూది తిరిగివ్వడానికి లేచి ఆమె బల్ల వైపు నడిచాడు. ఆరో అడుగు పడేసరికి హాల్లో టకటకలన్నీ ఆగిపోయాయి. ఆ అమ్మాయి నీళ్లసీసా అందుకుంది. పిలవకుండా ఆయనే నడిచి వస్తున్నాడంటే, ఎవరి కొంపో మునిగినట్టేనని.