మేటు లోపలి గడ్డి

పందొమ్మిది వందల ముప్పైల్లో మాటిది. పెంటపాడు దగ్గర పుట్టిన పిల్లను, కొల్లేటి ఒడ్డున ఒక కమతం ఇంటికి కోడలినై వెళ్లాను. వెళ్లిన నాలుగు రోజులకే ఒక సంగతి బోధపడింది. ఆ ఇంట్లో మా అత్తగారి గారాబం మా ఆయనకూ లేదు, నాకూ లేదు. అంతా గేదెకే. అప్పటికది చూలుతో ఉంది. దానికి కుడితి కలపడం, గడ్డి వెయ్యడం అన్నీ ఆవిడే. నేనొకసారి సాయానికి వెళితే, "నీకెందుకమ్మా శ్రమ, నువ్వు లోపలికెళ్లు" అన్నారు. ఎంత మెత్తగా అన్నారో! నాకు మాత్రం ఒళ్లు మండింది. ఆ ఇంట్లో నాకంటే గేదె పెద్ద కోడలన్నమాట.

ఆ ఏడు కోతల సమయంలో గాలివాన పట్టుకుంది. కోసిన పనలు చేలోనే తడిసిపోయాయి. కొల్లేరు పొంగి నీళ్లు చేల మీదికి వస్తుంటే, అందినవి అందినట్టు దోనెలకెత్తి మెరకకు చేర్చారు. నూర్చాక గడ్డి ఆరబెడదామంటే మబ్బు విడిస్తేగా! మళ్లీ వాన వస్తుందన్న భయంతో మా మావగారు ఆ తడి గడ్డినే వామిలా పేర్చి మేటు వేయించారు. ఆ తర్వాత ఎండలు కాశాయి. మేటు పైకి చక్కగా ఆరి కనిపించింది. ఇంకేం, గండం గడిచిందనుకున్నాం.

మేటు పైన ఉండే గడ్డి వానకు నానీ ఎండకు మాడీ చెడిపోతుందని దాన్ని ఎడ్లకు వేస్తారు. పాలిచ్చే గేదెకూ, చూలు గేదెకూ మాత్రం చెయ్యి లోపలికి పోనిచ్చి లోపలి గడ్డి లాగి పెడతారు. ఏ ఏడు చూసినా లోపలిదే పచ్చగా, కమ్మగా ఉంటుంది మరి. మా అత్తగారు ఆ ఏడూ అలాగే చేశారు.

గేదె రెండు పరకలు నమిలి మొహం తిప్పేసుకుంది.

"వేవిళ్లమ్మా దానికి" అన్నారావిడ.

"గేదెకి వేవిళ్లేమిటండీ అత్తయ్యగారూ!" అని పడీ పడీ నవ్వాను.

"ఏం, అది ఆడది కాదూ? నీకూ వస్తుందిలే ఆ ముచ్చట. అప్పుడు నేనూ నవ్వుతాను."

ఉప్పునీళ్లు చిలకరించి, తవుడు కలిపి, పక్కన పీట వేసుకుని కూర్చున్నారు. "ఒక్క ముద్ద తినవే, నా తల్లివి కదూ" అని బతిమాలి, చేత్తో నోటికి అందించి తినిపించారు. అది తినేది. రోజూ అదే వరస.

కొన్నాళ్లకు గేదె వెనక కాలు ఎత్తి ఎత్తి వెయ్యడం మొదలుపెట్టింది. తోక కొస నల్లబడి, వెంట్రుకలు రాలి, ఎండు పుల్లలా అయింది. చెవుల అంచులు ముడుచుకుపోయాయి. చూడవచ్చిన వాళ్లంతా దిష్టి అన్నారు. దిష్టి తీశారు, పసుపూ వేపాకూ నూరి కాలికి కట్టారు. "నీరసపడింది, దీనికి బలం కావాలి" అని మా అత్తగారు మేటులోకి ఇంకా లోతుగా చెయ్యి పెట్టి గడ్డి లాగారు. చివరికి డెక్క మొదట్లో చీలిక వచ్చి గేదె కూలబడింది. అప్పుడు మా ఆయన ఏలూరు వెళ్లి పశువుల డాక్టరుగారిని బండి మీద తీసుకొచ్చారు.

డాక్టరుగారు గేదె కాలు చూశారు, తోక చూశారు. "ఏం మేత పెడుతున్నారండీ?"

"మంచి గడ్డేనండీ. లోపలిదే లాగి పెడుతున్నాను" అన్నారు మా అత్తగారు, కాస్త అభిమానంగానే.

"ఎడ్లకో?"

"వాటికి పైదేనండీ."

ఎడ్లు పక్క పాకలో నిక్షేపంలా ఉన్నాయి. డాక్టరుగారు మేటు దగ్గరకు వెళ్లి, భుజందాకా చెయ్యి దూర్చి గుప్పెడు గడ్డి లాగి ఎండలో విదిలించారు. బూడిదలా దుమ్ము లేచింది. పరకల నిండా నల్లటి మచ్చలు, తెల్లటి బూజు.

"తడి మీద మేటు వేశారు, లోపల బూజు పట్టింది. ఇలాంటి గడ్డి తిన్న పశువులకు తోకలూ చెవులూ ఎండడం, డెక్కలు ఊడడం ఇంకోచోట కూడా చూశాను. ఎందుకలా అవుతుందో నాకూ పూర్తిగా తెలీదు. కానీ ఇంక ఒక్క పరక వెయ్యకండి. పచ్చిగడ్డి తింటే బతకొచ్చు. తినకపోతే దక్కదు."

మా అత్తగారు పాక గుంజ పట్టుకుని నిలబడిపోయారు. "వద్దంది కదమ్మా" అన్నారు నాతో. "నోరులేనిది, దానికి చేతనైనట్టు వద్దనే అంది. నేనే తినిపించాను."

జాలరి ఒకాయన కొల్లేటి లంకల్లోంచి దోనె నిండా పచ్చిగడ్డి తెచ్చి దింపాడు. మా అత్తగారు మాత్రం పాక గడప తొక్కనన్నారు. "నువ్వే పెట్టమ్మా. నా చెయ్యి మంచిది కాదు." ఎన్నాళ్లనుంచో నేను కోరుకున్న పెత్తనం అలా నాకు దక్కింది. దేనికి? గేదె నా చేతిలో గడ్డి ముట్టలేదు. మా ఆయన పెట్టినా ముట్టలేదు. సాయంత్రానికి మెడ వాల్చేసింది.

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. వంటింట్లోకి వెళ్లి, అత్తగారన్న భయం కూడా లేకుండా అరిచాను. "మీరు ఇక్కడ ఏడుస్తూ కూర్చోండి, అది అక్కడ చస్తుంది! లేవండి ముందు!"

లేచారు. పాకలోకొచ్చి, గేదె పక్కన చతికిలబడి, పచ్చిగడ్డి గుప్పెట పట్టుకున్నారు గానీ చెయ్యి ముందుకు చాచలేకపోయారు. గేదె మెడ ఎత్తింది. నాలుక చాచి ఆవిడ గుప్పెట్లోంచి గడ్డి లాక్కుని నమలసాగింది.

"ఏమే," అన్నారు మా అత్తగారు, "ఇంకా నన్నే నమ్ముతున్నావుటే?"

అది ఇంకో గుప్పెడు కోసం మూతి చాచింది.