తాటిదోనెలో కొబ్బరిచిప్ప

నిన్న ఉదయం నా కుడికంటి కట్టు విప్పారు. మా తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు కంటాసుపత్రికి శుక్లం ఆపరేషన్‌కని వెళ్లడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ శుక్లం తీయకుండానే ఇంటికి పంపేశారు. ఇంట్లో బుద్ధిగా ఉండే నా బీపీ, ఆపరేషన్ గది తలుపు కనబడగానే అమాంతం ఎగబాకేది. ఎడమకన్ను ఏనాడో మందగించింది. ఇది కూడా పోతే బైబిలు ఎవరిచేతనో చదివించుకోవాలి కదా అని నాకు ఒకటే బెంగ. మా కోడలు జాలిపడి ఫోన్లో ఏదో యాప్ పెట్టింది. గంట మోగినప్పుడల్లా ఊపిరిని గమనించుకోవాలట. ఆ గంట ఎప్పుడు మోగుతుందోనన్న కంగారు ఒకటి కొత్తగా పట్టుకుంది నాకు.

నా మొదటి ఉద్యోగం కొల్లేటి లంకలో బడిపంతులమ్మగా. ఆకివీడు దాకా బస్సు, అక్కడినుంచి కాలినడక, ఆపైన తాటిమొద్దు తొలిచి చేసిన దోనె. ఒక మామ్మ వెనక నిలబడి గడ వేసి నడిపేది. చేరిన వారంలోనే, బడికి ఆలస్యమవుతోందన్న ఆత్రంలో ఒడ్డు ఎంత దూరముందో చూద్దామని సగం లేచాను. దోనె తిరగబడింది. మునిగింది నడుములోతు నీళ్లలోనే అయినా గుండెలో దడ మాత్రం తగ్గలేదు. ఆదివారం చర్చిలో ప్రార్థన చేస్తున్నా సోమవారం దోనే కళ్లముందు ఆడేది. చివరికి రాజీనామా కాగితం రాసి సంచిలో పెట్టుకున్నాను.

ఆ రోజే మామ్మ నా చేతికి కొబ్బరిచిప్ప ఇచ్చింది. తాటిదోనెలోకి అడుగునుంచి నీళ్లు ఊరుతూనే ఉంటాయి, ఎక్కినవాళ్లు తోడిపోయడం అక్కడి రివాజు. నేను టీచర్నని అంతవరకూ మొహమాటపడి ఇవ్వలేదు.

"టీచరమ్మగారండీ, ఒడ్డు సంగతి నేను చూసుకుంటానండి. మీరు మీ కాళ్లకాడ నీళ్లు చూడండి. వచ్చినంతా తోడండి, రాని నీళ్లతో మనకేం పనండీ" అంది.

వంగి ముంచాను, పోశాను, మళ్లీ ముంచాను. చిప్ప అంచు దోనెను గీరే చప్పుడు, వేళ్లకు తగిలే చల్లదనం, అంతే. తలెత్తేసరికి ఒడ్డు వచ్చేసింది. ఆ కాగితం సంచిలోనే నానిపోయింది. నేనా బడిలో తొమ్మిదేళ్లు పనిచేశాను.

మొన్న బీపీ పట్టీ చుట్టగానే గుండె మళ్లీ ఎగిరిపడింది. కళ్లు మూసుకున్నాను. ఎందుకో నా కుడిచేయి దానంతటదే ముంచి పోయడం మొదలుపెట్టింది. నర్సమ్మ బెదిరిపోయి "ఏం చేస్తున్నారండీ మామ్మగారూ?" అని అడిగింది. "నీళ్లు తోడుతున్నానమ్మా" అన్నాను. పాపం, మతి తప్పిందనుకుందేమో, డాక్టరమ్మను పిలిచింది. ఆవిడ వచ్చి అంకె చూసి, నవ్వి, పదండి అంది. ఎంత తేలికపడ్డానో చెప్పలేను.

కట్టు విప్పాక మావాడిని బతిమాలి కారు కొల్లేటి వైపు తిప్పించాను. ఇప్పుడు లంక దాకా తారురోడ్డు, ఇరువైపులా చేపల చెరువులు. గట్లమీది గడ్డిపోచలు కూడా విడివిడిగా కనబడ్డాయి. దోనెలు లేవు, మామ్మ ఏనాడో పోయిందన్నారు. ఆవిడ ముఖం గుర్తు తెచ్చుకుందామని ఎంతో ప్రయత్నించాను. రాలేదు. తొమ్మిదేళ్లూ దోనెలో ఆవిడ వైపే తిరిగి కూర్చున్నా, తలవంచుకుని నీళ్లు తోడాను, ఒడ్డు రాగానే గడియారం చూసుకుంటూ దిగిపోయాను. గడ వేసినప్పుడల్లా బిగుసుకునే ఆ రెండు తడిపాదాలు మాత్రం ఈ కొత్త కంటికి కనబడేవాటి కంటే స్పష్టంగా కనిపిస్తున్నాయి.