వాగును చూపించిన మగ్దలీనమ్మ

మార్కాపురం చివర, పలకల గనుల దారిలో ఉన్న ఆ కాలనీలో వాగు ఎటు పారేదో మగ్దలీనమ్మ ఒక్కతెకే కాదు, అందరికీ తెలుసు. తెలియనట్టు ఉండటానికి అలవాటు పడ్డారంతే.

దాన్ని పూడ్చింది వాళ్లే. ఇళ్లకు జాగా ఇమ్మని తిరిగి తిరిగి చెప్పులరిగాయి. ఎవరూ ఇవ్వరని తేలాక, ఆదివారం ఆరాధన కాగానే ఇంటికిన్ని గంపలని వంతు వేసుకుని, ఫ్యాక్టరీలు పారేసిన పలక ముక్కలు మోసుకొచ్చి వాగు పల్లంలో పోశారు. పాటలు పాడుకుంటూ పోశారు. చదునైన నేల మీద లేచిన మొదటి ఇల్లు మగ్దలీనమ్మ కూతురు హెలెన్‌ది.

పలకను పొరలు పొరలుగా చీల్చి బతికినవాళ్లు, ఆ పొరల సందున నీళ్లు జారిపోతాయని మాత్రం అనుకోలేదు. వానొస్తే వాగు ఎగువ ఇళ్ల కిందుగా పాకి, దిగువ వరుసలో నేల పగలగొట్టుకుని పైకి లేస్తుంది. పోయిన వానల్లో అక్కడ కోటమ్మ ఇంటి గోడ కూలి ఆమె నడుం విరిగింది. ఇప్పటికీ మంచంలోనే ఉంది. రోజూ పొద్దున్నే వెళ్లి ఆమెకు ఒళ్లు తుడిచి, గంజి తాగించి వచ్చేది మగ్దలీనమ్మే.

అలాంటి రోజుల్లో వార్డు సచివాలయం నుంచి ప్లానింగ్ సెక్రటరీ సుప్రియ వచ్చింది. వాననీటి కాలువ మంజూరైందని, ఎక్కడ తవ్వాలో కాలనీవాళ్లే చెప్పాలని, ప్రార్థన మందిరం ముందు ముగ్గుపిండితో కాలనీ పటం గీయమంది. మంచి పిల్లే. అడిగే తీరు కూడా మంచిదే.

కాలనీ పెద్ద యేసుబాబు ముగ్గు అందుకుని, ముందు ఇళ్లు గీసి, ఏ ఇంటికీ తగలకుండా రోడ్డు పక్కగా వాగును గీసేశాడు.

"నీ వాగుకు మర్యాద బాగా తెలుసు యేసన్నా," అంది దిగువ వరుస ఆడమనిషి ఒకతె. "ఎవురింట్లోకీ తొంగి చూడకుండా పోతాంది."

అందరూ నవ్వారు. యేసుబాబు నవ్వలేదు. మగ్దలీనమ్మ దగ్గరకొచ్చి, "వదినా, నువ్వేం మాట్లాడబాకు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు గూడా ఇట్లనే అడిగినారు. నిజం చెప్పినోళ్ల గోడలకే కూల్చేదానికని ఎర్రరంగు పూసినారు," అన్నాడు.

అతనన్నది అబద్ధం కాదు. పేదవాళ్లకు తెలిసింది అడగడానికి వచ్చేవాళ్లు, చెప్పినందుకు వాళ్లకేమీ కాదన్న పూచీ మాత్రం వెంట తెచ్చుకోరు.

"పాపా, ఈ పటం యాడికి పోతది?" అని మగ్దలీనమ్మ సుప్రియను అడిగింది.

"మునిసిపాలిటీకమ్మా."

"దీన్ని చూసి ఇండ్లకు గుర్తులు పెడ్తారా?"

"నేను పెట్టను."

"నువ్వు పెట్టవులే. నీ పైవాళ్లు?"

సుప్రియ పటం ఫోటో తీసుకోవడానికి ఫోన్ బయటికి తీసింది. అవతల హెలెన్ వద్దన్నట్టు తల ఊపుతోంది. మగ్దలీనమ్మకు మాత్రం పొద్దున కోటమ్మ ఒళ్లు తుడిచిన తడి ఇంకా చేతుల మీదే ఉన్నట్టుంది. వంగి ముగ్గు తీసుకుంది. కూతురి ఇంటి మీదుగానే మొదలుపెట్టి, దిగువ వరుస దాకా గీత లాగింది.

హెలెన్ విసవిసా వచ్చి కాలితో ఆ గీతను చెరిపేసింది. ఎవరూ ఆపలేదు. అప్పటికే సుప్రియ ఫోన్‌లో ఫోటో పడింది.

నెల తిరగకుండా కాలువ పనికి ఆర్డరు, ఒక నోటీసు రెండూ వచ్చాయి. కాలువేమో యేసుబాబు గీసిన చోటే, రోడ్డు పక్కన. అక్కడైతే మునిసిపాలిటీ ఎవరికీ వేరే జాగా చూపించే పని లేదు. నోటీసు మాత్రం మగ్దలీనమ్మ గీత చూసి వచ్చింది. వాగును ఆక్రమించారని, గీత మొదలైన ఇల్లు అదేనని, హెలెన్ ఒక్కదానికే.

అభ్యంతరాలు వినే రోజున కాలనీవాళ్లు కొందరు ఆఫీసుకు వెళ్లారు. "మీ అమ్మే చూపించింది గదా," అన్నాడు అధికారి హెలెన్‌తో.

మగ్దలీనమ్మ లేచింది. "చూపిచ్చినా సార్. కాలవ తవ్వేదానికి చూపిచ్చినా. ఆ గీతలో మీకు కాలవ కనపడలే, నా బిడ్డ ఇల్లు మాత్రం కనపడిందా?"

అధికారి కాగితాలు సర్దుకున్నాడు. అప్పుడు యేసుబాబు నిలబడ్డాడు. "రాసుకోండి సార్, నేను గీసింది అబద్ధం. వాగు మా అందరి ఇండ్ల కిందనే ఉంది. మేమందరం కలిసే పూడ్చినాం. నోటీసిస్తే అందరికీ ఇయ్యండి. జాగా చూపిస్తే అందరికీ చూపియ్యండి."

వెనక ఇద్దరు ముగ్గురు లేచారు. మిగతావాళ్లు నేల చూపులు చూశారు. పరిశీలిస్తామన్నాడు అధికారి. నోటీసు వెనక్కి తీసుకుంటామని మాత్రం అనలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో తల్లీకూతుళ్లు పక్కపక్కనే కూర్చున్నారు. రోడ్డు వారన కాలువకు జేసీబీ అప్పుడే మట్టి తోడుతోంది.

"నువ్వు నోరు మూసుకొనుంటే ఏమైతుండె మా?" అంది హెలెన్.

"కోటమ్మ మొకం ఎట్ల చూసేదాన్నే?"

"మరి నా మొకం?"

మగ్దలీనమ్మ కూతురి వైపు తిరగబోయి, తిరగలేక, జేసీబీ వైపే చూస్తూ ఉండిపోయింది.