నాయిన చూసే ముల్లు

చదువు పూర్తయిన కొత్తలో మనకు తెలియనిదంటూ ఏదీ ఉండదు. ఆ రోజుల్లో నాకూ అంతే. తాండూరులో నాపరాళ్లు మోసే మా నాయిన పాత లారీకి సీటు చిరిగి కొబ్బరిపీచు బయటికొచ్చేది, డ్యాష్‌బోర్డు తీగతో కట్టి ఉండేది. ఆటోమొబైల్ డిప్లొమా చేతికొచ్చిన నెలలోపే ఆ క్యాబిన్ మొత్తం విప్పేశాను. వికారాబాద్‌లో లారీ సీట్లు కుట్టే మేస్త్రి ఒకాయన, "చేసి తీస్కరా, నచ్చితే పన్ల పెట్టుకుంట" అన్నాడు మరి. ఆడపిల్లకు లారీ పనేంటని చుట్టాలంతా అంటుంటే, నమ్మి లారీ ఇచ్చినవాడు నాయిన ఒక్కడే. (ఆయనకు కంటి ఆపరేషన్ అయి నెల రోజులు నడపొద్దన్నారు కాబట్టి ఇచ్చాడని అమ్మ ఇప్పటికీ అంటుంది.)

ఎర్ర రెగ్జిన్ కుట్టాను, డ్యాష్‌బోర్డుకు రంగు వేశాను, అందులోని రెండు మీటర్లకు ఎప్పుడో ఎవరో అటుదిటు కలిపిన వైర్లను వైరింగ్ పటం ముందేసుకుని సరిచేశాను. తీసుకెళ్లే రోజు నాయినే స్టీరింగ్ పట్టాడు. మేస్త్రి పన్నెండుకు షాపు మూసి పరిగికి పోతానన్నాడు, ఆలోపు చేరాలి. నేను పక్క సీట్లో కూర్చుని నా కుట్లు నేనే నిమురుకుంటున్నాను.

"ఇంజన్ గింత సల్లగ ఎన్నడు నడ్వలే బిడ్డా, నీ చెయ్యి మంచిది" అన్నాడు నాయిన కొంతదూరం పోయాక. ఇంకొంతదూరం పోయాక, "వేడి ముల్లు ఇంక కిందికే దిగుతుంది, మస్తు సల్లగుంది" అన్నాడు. నేను ఉబ్బిపోయాను. కోట్‌పల్లి దాటాక లారీ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

వంగి మీటరు చూశాను. "డీజిల్ అయిపోయింది నాయ్నా."

"యాడ అయిపోయింది? సగం ట్యాంకుంది సూడు" అని పక్క మీటరు చూపించాడు.

"అది ఇంజన్ వేడిది."

"ముప్పై ఏండ్ల సంది డీజిల్ గండ్లనే సూస్తున్న. నిన్న మొన్నొచ్చినదానివి, నాకు సెప్తవా?"

నాకు నా డిప్లొమా మీదే అనుమానం వచ్చింది. దారిన పోయే బండెక్కి నాయిన డీజిల్ తేవడానికి పోతే, నేనొక్కదాన్నే ఆ రెండు ముళ్లనూ చూస్తూ కూర్చున్నాను. నేను వైర్లు సరిచేశాక ఆయనకు చల్లదనంగా కనిపించింది ఖాళీ అవుతున్న ట్యాంకు అని అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది. పన్నెండు దాటింది.

మేము చేరేసరికి మేస్త్రి షట్టరు సగం దించి, తాళం పట్టుకుని ఉన్నాడు. ఏమనుకున్నాడో, ఎక్కి సీటు కుట్లు చూశాడు, మీటర్లు చూశాడు. "అన్ని కరెక్టున్నయి, రేపొచ్చెయ్" అన్నాడు.

"కరెక్టుంటె నాకెట్ల ఎరుకైతది? ముందెట్లుండెనో గట్లనే పెట్టించు" అన్నాడు నాయిన. మేస్త్రి నన్ను చూశాడు, నేను నాయినను చూశాను. అలా కొలువులో నా మొదటి పని, సరిగ్గా ఉన్న వైర్లను తప్పుగా కలపడం.

ఇప్పుడు షాపు నాది. ఏ పాత లారీ వచ్చినా స్క్రూడ్రైవర్ తీసేముందు డ్రైవర్‌ని అడుగుతాను, "అన్నా, డీజిల్ నువ్వు ఏ ముల్లుల సూస్తవు?" అని. పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారు. నాయిన స్టీరింగ్ వదిలేసి చాలా రోజులైంది. ఆ వైర్లు సరిచేయడానికి అయిదు నిమిషాలు చాలు, కానీ నాకు మనసు రాదు. అప్పుడప్పుడు ఆ లారీ నేనే తీసి, డీజిల్ కోసం వేడి ముల్లు చూస్తాను. పక్కన ఎర్ర రెగ్జిన్ నిమురుతూ కూర్చున్న ఆ తెలివిగలమ్మాయి గుర్తొచ్చి నవ్వుకుంటాను.