కాడి కుడిపక్క వినిపించిన గంట

దయ్యాలంటే నాకు మొదటినుంచీ నవ్వులాటే. ఫలానా చింతచెట్టు మీద దయ్యముందని ఎవరైనా అంటే, దిగివచ్చి శిస్తు కట్టమనండి అనేవాణ్ణి. ఇప్పటికీ చీకటంటే భయం లేదు, తాయెత్తు కట్టుకోలేదు. అయినా ఈ సంగతి చెప్పకుండా ఉండలేను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఆళ్లగడ్డ పక్కన మాకు కొంచెం నల్లరేగడి చేను, ఒక జత ఎద్దులు ఉండేవి. కాడికి ఎడమపక్క కట్టేదాన్ని దాపటెద్దు అంటారు, కుడిపక్కదాన్ని వెలపటెద్దు అంటారు. ఒకసారి అలవాటైతే అవి చచ్చేదాకా ఆ పక్కనే నడుస్తాయి. మార్చి కడితే అడుగు తీసి అడుగు వెయ్యవు. మా దాపటిది బూడిద రంగు మైలెద్దు, వెలపటిది నల్లటి కర్రెద్దు. జతకు ఒక గంట చాలని నాయన కర్రెద్దుకే కట్టేవాడు. అది బండకు తగిలి బీటవారిన కంచుగంట. ఊళ్లో ఎన్ని గంటలు మోగినా, దాని బొంగురు చప్పుడు నేను నిద్రలో కూడా గుర్తుపడతాను.

ఆ ఎండాకాలం గొంతువాపు వచ్చి కర్రెద్దు పోయింది. నాయన దాన్ని పాతిపెట్టి, గంట తెచ్చి ఇంట్లో చిలక్కొయ్యకు తగిలించాడు. మైలెద్దు మేత ముట్టడం మానేసింది. అడవి మేతకైనా కోలుకుంటుందని, నల్లమలకు పోయే మందతో దాన్ని తోలించాం. కొన్నాళ్లకు మందగాడు హుసేనప్ప తిరిగివచ్చి, అది పలుపు తెంచుకుని ఎటో పోయిందని చెప్పాడు.

తొలకరి దగ్గర పడింది. ఒక ఎద్దుంటే ఇంకొకటి బదులు తెచ్చుకుని సేద్యం చేయవచ్చు. ఒక్కటీ లేకపోతే చేను పంటలో వాటాకు ఇంకొకరికి కోరుకిచ్చి, మా నేలలోనే మేము కూలికి పోవాలి. ఎద్దు పుండు కాకికి నొప్పా? చేను కోరుకిస్తారా అని అడగడానికి అప్పుడే ఇద్దరు ముగ్గురు వచ్చిపోయారు. వాళ్ల ముందు నాయన తల దించుకోవడం నేను చూడలేకపోయాను. సద్దిమూట, నీళ్లకు సొరకాయబుర్ర తీసుకుని బయలుదేరాను.

"ఒంటిగా యాడికి పోతాండావ్‌రా? అడివంటే మన పెరడనుకుంటివా?" అన్నాడు నాయన.

"ఎద్దు దొరక్కపోతే చేను పోతాది గదా నాయనా" అన్నాను. ఆయన లోపలికి పోయి కొడవలి తెచ్చి నా చేతికిచ్చాడు.

అహోబిలం దాకా బాగానే నడిచాను. అక్కడినుంచి మందల దొడ్డికి, మరునాడు దొడ్డినుంచి మహానంది వైపు కాలిబాట పట్టాను. అటు ఒంటెద్దు ఒకటి తిరుగుతోందని మందగాళ్లు చెప్పారు. మధ్యాహ్నానికి వెదురుపొదల్లో బాట తప్పింది. తిరిగిన చోటే తిరుగుతున్నాను. బుర్రలో నీళ్లు అయిపోయాయి. ఇక ఇల్లు చేరనేమో అనిపించి, నిజం చెప్పాలంటే భయమేసింది.

అప్పుడు వినిపించింది గంట. బొంగురు గంట. నా కుడిపక్క, కాడి వేస్తే ఎంత ఎడం ఉంటుందో అంత ఎడంలో.

తిరిగి చూస్తే ఎండుటాకులు తప్ప ఏమీ లేవు. నేను నిలబడితే ఆగింది, నడిస్తే నడిచింది. ఎడమకు జరిగితే సన్నగిల్లింది, మళ్లీ సర్దుకుంటే పక్కకు వచ్చింది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఎద్దుల వెనక నడిచినవాణ్ణి, ఏం జరుగుతోందో నా కాళ్లకే ముందు తెలిసింది. నేను దాపట నడుస్తున్నాను. విచిత్రమేమంటే, ఆ సంగతి తెలిశాక భయం పోయింది. ఇంటివాళ్లెవరో తోడు వచ్చినంత ధైర్యం కలిగింది.

అలా వాలు దిగి నీళ్లు పారే ఒక వంక చేరాను. ఒడ్డున పొదకు పలుపు చిక్కుకుని మైలెద్దు నిలబడి ఉంది. డొక్కలు ఎండిపోయాయి, ఎదురుగా నీళ్లున్నా మూతి అందడం లేదు. పలుపు కోసి, ఇద్దరం పక్కపక్కనే నీళ్లు తాగాం. దాని మెడ పట్టుకుని ఏడ్చేశాను, సంతోషంతోనే. గంట మళ్లీ నాకు వినిపించలేదు.

వంక వెంబడే దిగితే బండిబాట తగిలింది. నంద్యాలకు వెదురు తోలుకుపోతున్న ఒక సాయిబు బండి ఆపాడు.

"రెండోది యాడప్పా?" అన్నాడు.

"ఏం రెండోది?"

"జతలోదప్పా. ఇంతసేపూ గంట ఇనపడతాండె గదా. దీని మెడలో యాడుంది గంట?"

వెనక్కి తిరిగి చూస్తే బాట ఖాళీ. ఆయన బండి వెనకే నంద్యాల చేరి, రోడ్డు పట్టుకుని ఆళ్లగడ్డకు వచ్చాను. కొయ్యకున్న గంట కొయ్యకే ఉంది, దుమ్ము కూడా చెదరలేదు. ఎవరూ ముట్టలేదని అమ్మ ఒట్టేసి చెప్పింది. నాయన అంతా విని, "జతను ఇడ్సిపెట్టి పోతాదా అది" అని ఎద్దుకు చొప్ప వేయడానికి లేచాడు.

దప్పికతో చెవులు హోరెత్తాయని నాకు నేనే చాలాసార్లు చెప్పి చూసుకున్నాను. నా చెవుల సంగతి సరే, బండి తోలే సాయిబు నీళ్లు తాగే ఉన్నాడు కదా. అక్కడికి వచ్చేసరికి నా తర్కమంతా ఆగిపోతుంది. దయ్యాలున్నాయని ఈనాటికీ అనను. అది ఏమిటంటే మాత్రం నాకు తెలియదు.

తొలి వాన పడగానే పక్కింటివాళ్ల ఎద్దును బదులు తెచ్చి వెలపట కట్టాం. మొండికేస్తుందేమోనని నాయన కర్ర చేతబట్టుకుని నిలబడ్డాడు. మైలెద్దు దాన్ని ఒకసారి వాసన చూసి, మెడ వంచి కదిలింది. ఆ ఏడు మా చేను మేమే దున్నుకున్నాం.