లీకేజీ లేదని రాసిన కాగితం

2010 వానాకాలం. గోదావరిఖని శివారులో డంపర్లు బాగుచేసే ఒక ప్రైవేటు వర్క్‌షాపులో పర్యావరణ కాగితాలు చూసే గుమాస్తాను నేను. ఇంజన్లలోంచి తీసిన కాలిన నూనెను యూజ్డ్ ఆయిల్ అంటారు. చట్టం దృష్టిలో అది ప్రమాదకర వ్యర్థం. నిల్వ ఉంచాలంటే రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి నుంచి ఆథరైజేషన్, అంటే అనుమతి, ఉండాలి. తొంభై రోజులకు మించి ఉంచకూడదు. రిజిస్టరైన రీసైక్లర్‌కే అప్పగించాలి.

మా దగ్గర మాత్రం ఆ నూనెకు ఇంకో దారి ఉండేది. పనివాళ్ళు డ్యూటీ దిగేటప్పుడు సీసాల్లో పట్టుకెళ్ళి మోకాళ్ళకు రాసుకునేవారు. ఎవరు కనిపెట్టారీ వైద్యం? ఎవరికి తగ్గింది? అందరూ రాస్తున్నారు కాబట్టి రాయడమే! నాకు ఒళ్ళు మండింది. ఆ నూనె డ్రమ్ములు పెట్టే షెడ్డుకు తాళం వేయించాను.

మరునాడు, ఆవరణ ఊడ్చే కొమురమ్మ ఖాళీ సీసాతో నా బల్ల ముందు నిలబడింది.

"ఏంది సారు, గింత నూనెకు గంత తాళమా?"

"అది మందు కాదవ్వా. పుండ్లయితయి. నొప్పి తగ్గిందని రుజువేంది?"

"అబ్బో, రుజువు గావాల్నా! మరి గా కాయిదంల ఏం రాస్తున్నవ్?"

అది అనుమతి గడువు పొడిగించమనే దరఖాస్తు. గర్వంగా చదివి వినిపించాను: "నిల్వ స్థలం నుంచి ఎలాంటి లీకేజీ లేదు."

ఆమె పకపకా నవ్వింది. "నువ్వు వోయి సూసినవా?"

చూడలేదు. నిరుటి కాగితంలో ఉన్నదే ఎక్కించాను. నాకు ముందున్న గుమాస్తా కూడా అంతే.

"షెడ్డెనుక మోరీ సూడు సారు. గా నీళ్ళు కుంటల కలుస్తయి. నా బర్లు గక్కడనే తాగుతయి. రెండు మేత ముడుతలెవ్వు."

వెళ్ళి చూశాను. షెడ్డు నేల నెర్రెలిచ్చింది. వాన నీటితో కలిసి నూనె రంగులు తేలుతూ మోరీ కాలువలోకి పోతోంది.

"పాతదే రాసెయ్యవయ్యా," అన్నాడు మేనేజరు. "లీకేజీ అంటే అనుమతి రాదు, షాపు బందయితది."

"రాయకుంటే ఆమె బర్లు సస్తయి సార్," అన్నాను.

ఉన్నది ఉన్నట్టు రాసి, మరమ్మతుల ప్రణాళిక జతచేశాను. మేనేజరు తిట్టుకుంటూనే సంతకం పెట్టాడు. మండలి ఇంజినీరు వచ్చి చూసి, షాపు మూయించకుండా నెల గడువిచ్చాడు. డ్రమ్ములు రీసైక్లర్‌కు వెళ్ళాయి. నేలకు సిమెంటు వేసి, ఒలికిన నూనె బయటికి పోకుండా చుట్టూ గట్టు కట్టించాం. కుంట తేటపడేదాకా బర్రెలకు తొట్టిలో బోరు నీళ్ళు పట్టాం. అనుమతి వచ్చేనాటికి రెండూ మేతకు మళ్ళాయి.

"నా మాట నువ్విన్నవు, ఇగ నీ మాట నేనింట," అని కొమురమ్మ మోకాళ్ళు చూపించుకోవడానికి దవాఖానకు బయల్దేరింది.

ఆ తర్వాత ఏ దరఖాస్తు నింపినా, ముందు ఆ మోరీకి దిగువన బతికేవాళ్ళను అడిగాకే కలం పట్టాను. కళ్ళతో చూడకుండా నమ్మడమే మూఢత్వమైతే, ఆ ఏడు దానికి ముద్ర కొట్టి మండలికి పంపబోయింది నేనే.